అణుపాతమా, అణుధూళా?

సందేహం: సముద్రంలో చేసిన అణుపరీక్షల ఫాలౌట్‌ను, అంటే పేలుడు తర్వాత పైనుంచి కిందికి రాలేదాన్ని, ఎలా కొలుస్తారో తొమ్మిదో తరగతి పిల్లలకు పాఠం రాస్తున్నాను. ‘అణుపాతం’ అని రాస్తే మా లెక్కల మాస్టారు ‘అది నిష్పత్తుల పాఠంలోది కదండీ!’ అన్నారు. పోనీ, ‘రేడియేషన్ పడింది’ అంటే సరిపోతుందా?
– ఒక ఉపాధ్యాయిని, అమలాపురం

సమాధానం: మాస్టారు చెప్పింది నకారంతో ఉండే అనుపాతం. మీది ణకారంతో. వర్షపాతం, ఉల్కాపాతం లాంటిదే, దోషం లేదు. కానీ తరగతిలో పైకి చదివితే రెండూ ఒకటే అయి కూర్చుంటాయి. ‘అవపాతం’ ఇంకా చిక్కు. భూగోళంలో అది వానకీ మంచుకీ పేరు. ఫాలౌట్ వానతోనూ దిగుతుంది, పొడిగానూ రాలుతుంది.

‘రేడియేషన్ పడింది’ మాత్రం వద్దండి. రైసుమిల్లు గొట్టంలోంచి వచ్చి ఆరేసిన పంచెల మీద వాలేదాన్ని మనం ‘నుసి’ అంటాం, ‘మంట’ అనం. ఇక్కడా పడేది ధూళి. రేడియేషన్ దానిలోంచి వెలువడుతుంది. 1954 మార్చి 1న పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవుల దగ్గర పేలిన బాంబు పగడపు దిబ్బను పొడి పొడి చేసి పైకి లేపింది. ఆ తెల్లటి పొడి ఒక జపాన్ చేపల పడవ మీద, అందులోని 23 మంది మీద రాలింది. జపాన్‌వాళ్లు దానికి పెట్టిన పేరు ‘చావు బూడిద’. పాఠానికి ‘అణుధూళి’ చాలు. నాకైతే ‘అణునుసి’ ఇష్టం. సంస్కృతానికి తెలుగు అతికిన వైరిసమాసమని ఎవరైనా గింజుకుంటే అణుబాంబును చూపించండి.

క్రియలు కూడా చూసుకోండి: ధూళిని పట్టాలి, రేడియోధార్మికతను కొలవాలి. 1950లలో అడుగు చదరం జిగురు కాగితాన్ని 24 గంటలు ఆరుబయట పరిచి, తర్వాత కాల్చి బూడిద చేసి, బీటా కణాలు లెక్కపెట్టేవారు. అణుపరీక్షలపై కన్నేసి ఉంచే ఇప్పటి కేంద్రాల్లో వడపోత గుండా 24 గంటలు గాలి లాగుతారు, ఆ వడపోతను మరో 24 గంటలు పక్కన పెడతారు, ఆ తర్వాతే గామా కిరణాలు లెక్కిస్తారు. నేలలోంచి సహజంగా వచ్చే రాడాన్ వాయువు సంతతీ, అంటే అది విడిపోతే పుట్టే రేడియోధార్మిక పదార్థాలూ, ఆ వడపోతకే అంటుకుంటుంది మరి. అది తగ్గకముందే లెక్కిస్తే దాని సందడిలో అసలుది కనబడదు.

ఈ తగ్గడాన్ని ‘కుళ్లడం’ అని అనువదించినవాళ్లున్నారు, ‘క్షయం’ అనండి. ‘అర్ధాయువు’ను ‘ఆయుష్షులో సగం’ అని విప్పితే, 8 రోజుల అర్ధాయువున్న అయోడిన్-131 పదహారో రోజుకు ఖాళీ అనుకుంటారు పిల్లలు. అప్పటికింకా పావు వంతు ఉంటుంది. ‘సగమయ్యే కాలం’ అని రాయండి.