ఎర్రగడ్డ జోకు తీసెయ్

చిక్కడపల్లి,
ఆదివారం

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. లాక్‌డౌన్‌లో ఇంట్లో ఇరుక్కుపోయిన మానసిక రోగి, కిటికీ ఊచలు, అరుపులు, చివర్లో చావు. వాక్యం మీద నీకు పట్టుంది. అందుకే కాస్త కటువుగా రాస్తున్నాను.

ముందు ఆ ఎర్రగడ్డ జోకు తీసెయ్. అక్కడ మానసిక ఆసుపత్రి ఉందని మన ఊళ్లో ఆ పేరు తిట్టుగా వాడతాం, నేనూ వాడినవాణ్ణే. 2020 మార్చిలో వైన్ షాపులు మూతపడ్డాక ఆ ఆసుపత్రికి పరుగెత్తింది ఎవరనుకున్నావ్? మందు దొరక్క ఒళ్లు వణికి, లేనివి కనబడి అల్లాడిన మామూలు సంసారులు.

ఇక అసలు సంగతి. మా తమ్ముడికి ఇరవయ్యేళ్లుగా బైపోలార్, మనసు ఒకప్పుడు ఉప్పొంగిపోయి ఒకప్పుడు కుంగిపోయే జబ్బు. దానికి లిథియం మాత్రలు వాడతాడు. తక్కువైతే పనిచెయ్యదు, ఎక్కువైతే విషం, కాబట్టి రక్తపరీక్ష తప్పదు. ఆ ఏప్రిల్‌లో ల్యాబుకి వెళ్లలేకపోయాం. పైగా మన ఎండలు. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. ఒకరోజు వాడి చేతిలో చాయ్ కప్పు సాసర్ మీద టకటకలాడింది. కరోనా భయం అనుకున్నాం. డాక్టరుగారు ఫోన్లో విని, ముందు పరీక్ష చేయించమని కసిరారు. నీ కథలో అతని చేతులు నాలుగుసార్లు వణికాయి. ఎందుకో నీకు తెలుసా?

మరుసటేడు మేలో అమ్మని అంబులెన్స్ ఎక్కించాం. తిరిగి రాలేదు. ఆ తర్వాత సైరన్ వినపడితే చాలు, వాడు బాత్రూంలోకి పోయి కుళాయి పూర్తిగా తిప్పేసేవాడు. బకెట్ నిండి పొర్లేది. వీధి చివర మెడికల్ షాపుకి వెళ్లడం మానేశాడు, అంబులెన్స్ ఆగింది అక్కడే కనుక. మేమేమన్నాం? "మళ్లీ తిరగబెట్టింది. మాత్ర వేసుకున్నావా?"

తిరగబెట్టలేదు. జరిగింది మళ్లీ కళ్లముందు జరుగుతున్నట్టుండటం, దాన్ని గుర్తుచేసే చోట్లు తప్పించుకు తిరగడం, చిన్న చప్పుడుకే ఉలికిపాటు: ఇవి నెల దాటినా వదలకపోతే డాక్టర్లు పీటీఎస్‌డీ, అంటే ఘోరం చూసిన మనసుకి తగిలి మానని గాయం, ఏమోనని చూస్తారు. అదే నాకొస్తే చుట్టాలు "పాపం, తల్లి పోయింది కదా" అనేవారు. వాడికొస్తే కొత్త గాయాన్ని పాత జబ్బు పద్దులో రాసేశాం. డాక్టరుగారు అడిగేదాకా, మూడు నెలలు, అమ్మ గురించి వాణ్ణి ఒక్క మాటా అడగలేదు. నీ కథ ఇక్కడుందమ్మా, అరుపుల్లో లేదు.

ఇంకోటి. నీ మనిషికి ఒక్క మంచి రోజూ లేదు. మావాడు మొదటి లాక్‌డౌన్‌లో "ఇన్నాళ్లూ బయటికెళ్లు, నలుగురితో కలువు అని ప్రాణం తీశారు. ఇప్పుడు మీరే గడియ పెట్టుకున్నారు" అని పడీపడీ నవ్వాడు. వేళకి మాత్ర, వేళకి పడక వాడికి ఏనాటి నుంచో అలవాటు. ఆ రోజుల్లో ఇంట్లో సరిగ్గా నిద్రపోయింది వాడొక్కడే.

ఇవన్నీ తవ్వుతుంటే నీకే బరువనిపిస్తే 14416 కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడతారు. మొహమాటపడకు, నేనూ చేశాను.

తిరగరాసి తీసుకురా. వాడి గురించి నీకు రాయొచ్చా అని ముందే అడిగాను. "రమ్మను, చాయ్ నేనే పెడతా. అంబులెన్స్ మాట మాత్రం నేనెత్తితేనే" అన్నాడు.

ఆశీస్సులతో,
మాస్టారు