ఐటీడీఏలు (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు), ప్రత్యేక చట్టాలు ఇన్నేళ్లుగా ఉన్నా ఆదివాసీలకూ మిగతావాళ్లకూ మధ్య తేడా ఎందుకు తగ్గలేదు? మీరైతే ఏం మారుస్తారు?

అసలు తగ్గలేదని నేను అనలేను. మాది పాడేరు ఏజెన్సీ, కొండదొర తెగ వాళ్లం. మా అమ్మది వేలిముద్ర. నేను ఆశ్రమ పాఠశాలలో చదువుకుని 2002లో టీచర్ ఉద్యోగం తెచ్చుకున్నాను. అప్పటి నుంచీ కొండల మీదే పాఠాలు చెబుతున్నాను. ప్రభుత్వం ఏమీ చెయ్యలేదంటే నా అన్నం మీద నేనే అబద్ధం ఆడినట్టు. అయినా మీరు ఎందుకు అడిగారో తెలుసు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం అక్షరాస్యత 67 శాతం, అందులో ఎస్టీలది 49 శాతం. ఐటీడీఏలు 1970ల్లో మొదలయ్యాయి. అన్నేళ్ల తర్వాతా అంత తేడా ఉందంటే ఎవరికైనా ఈ ప్రశ్న వస్తుంది.

నేను చూసినంతలో, మా చేతికొచ్చి మా దగ్గరే ఉండిపోయినవి పనిచేశాయి. పొద్దున జీపులో వచ్చి సాయంత్రానికి ఘాట్ దిగి వెళ్లిపోయినవి పెద్దగా మిగల్లేదు.

ఉద్యోగాల సంగతి ముందు చెబుతాను. నా చిన్నప్పుడు మా ఊరి బడికి మేస్టారు కింద నుంచి వచ్చేవారు. మంగళవారం వస్తే గురువారం వెళ్లిపోయేవారు. వానాకాలంలో అదీ లేదు. ఆయన చెడ్డవారేం కాదు. ఇల్లూ పిల్లలూ కింద ఉన్నారు, ఇక్కడ మలేరియా. అలాంటి బళ్లు ఏజెన్సీ అంతా ఉండేవి. టీచర్లు బడికి రావడం లేదన్న కారణంతోనే 2000 జనవరిలో జీవో నంబర్ 3 వచ్చింది. షెడ్యూల్డ్ ఏరియా బళ్లలో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అంది. నాకు ఉద్యోగం వచ్చింది దాని వల్లే. ఊళ్లో ఉండే టీచర్, తలుపు తీసి ఉండే బడి మా వాళ్లకి అలా దొరికాయి. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం ఆ జీవోని కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమంది. అప్పటికే చేరిన మా ఉద్యోగాల్ని మాత్రం షరతులతో కాపాడింది. నాకు చదువుకున్న మేనకోడలు ఉంది, బీఈడీ చేసింది. నాకు తెరుచుకున్న తలుపు దానికి సగం మూసుకుపోయింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

అయితే ఆదివాసీ టీచర్ వస్తే సరిపోతుందని అనుకోకండి. ఆ పొరపాటు నేనే పడ్డాను. నాకు మొదటి పోస్టింగ్ ఇచ్చింది కోదు తెగ వాళ్ల ఊరు. వాళ్లింట్లో కువి మాట్లాడతారు, మా ఇంట్లో తెలుగు. మొదటి రోజు ఒకటో తరగతిలో కుండ చూపించి "ఇందులో ఏముంది?" అని అడిగాను. పదకొండు మంది పిల్లలు నా మొహమే చూస్తూ కూర్చున్నారు. మళ్లీ అడిగాను. ఒక పిల్ల లేచి వెళ్లి, గ్లాసు ముంచి నాకు తెచ్చి ఇచ్చింది. టీచరమ్మకి దాహం వేసిందనుకుంది పాపం. గుమ్మం దగ్గర నిలబడ్డ వాళ్లమ్మ మెల్లగా "ఏయు" అంది, కువిలో నీళ్లని. అంతే, పిల్లలందరూ ఒక్కసారి "ఏయు! ఏయు!" అని అరిచారు. అంతసేపూ వాళ్లకి జవాబు తెలుసు, నా ప్రశ్నే అర్థం కాలేదు. ఆ రోజు తనిఖీకి ఎవరైనా వచ్చి ఉంటే రిజిస్టర్‌లో "వెనుకబడిన పిల్లలు" అని రాసుకుని పోయేవారు.

ప్రభుత్వానికి ఇది తెలియక కాదు. ఉట్నూరు వైపు మార్లవాయిలో 1940ల్లోనే, నిజాం కాలంలో, మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ పెట్టించిన బళ్లలో గోండు పిల్లలకు గోండిలో వాచకాలు ఉండేవి. మన దగ్గర 2004 ప్రాంతంలో సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో, తెలుగు లిపిలోనే పుస్తకాలు మొదలుపెట్టారు. ఆ తర్వాత మా బడికి ఊళ్లో అమ్మాయినే భాషా వాలంటీర్‌గా ఇచ్చారు. పదో తరగతి వరకు చదివిన కోదు అమ్మాయి. తను కువిలో కథ చెప్పేది, నేను అదే కథ తెలుగులో చెప్పేదాన్ని. ఏడాది తిరిగేసరికి నలుగురు పిల్లలు తెలుగు వాచకం కూడబలుక్కుని చదివేశారు. అంతకుముందు మూడో తరగతికి కూడా అది జరిగేది కాదు. గౌరవ వేతనం నెలల తరబడి ఆలస్యమయ్యేది, అయినా వచ్చేది ఆ పిల్ల. తర్వాతి ఏడాది కొనసాగింపు ఉత్తర్వు రాలేదు. అడిగితే పైనుంచి రావాలన్నారు. ఇప్పుడు అడ్డాకులు కుట్టుకుంటోంది. ఆమె చెప్పిన మాటలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను, దాంతోనే నెట్టుకొస్తున్నాను.

రోడ్డు, ఆసుపత్రి గురించి ఎక్కువ రాయను, టీవీల్లో డోలీ మోతలు మీరు చూస్తూనే ఉంటారు. గర్భిణులకి ముందే వచ్చి ఉండే వసతి గృహాలు, బైక్ అంబులెన్సులు వచ్చాక కొంత నయం. రోడ్డు లేని ఊరికి ఇప్పటికీ డోలీనే.

కాఫీ మాత్రం చెప్పాలి. మా నాన్న తుప్పలు కొట్టి పోడు వ్యవసాయం చేసిన కొండ వాలులో ఐటీడీఏ వాళ్లు సిల్వర్ ఓక్ నాటించి, నీడ వచ్చాక కాఫీ మొక్కలిచ్చారు, మిరియాల తీగ చెట్టుకి పాకించారు. మొదట్లో పండు తీసుకెళ్తే సంతలో షావుకారు చెప్పిందే ధర, అప్పు లెక్క కూడా ఆయన పుస్తకంలోదే. జీసీసీ (ప్రభుత్వ గిరిజన సహకార సంస్థ) కాఫీ కొనడం మొదలుపెట్టి ధర ముందే ప్రకటించాక, అమ్మినా అమ్మకపోయినా ఆ ధర చూపించి షావుకారుతో బేరమాడగలిగాం. అరకు కాఫీకి 2019లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చిందంటే ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. చెల్లెలి నర్సింగ్ ఫీజు కట్టింది ఆ తోటే. పథకం ఆగినా చెట్టు ఆగదు కదా, ఏటా కాస్తూనే ఉంది.

ఇక భూమి. 1/70 చట్టం, అంటే 1970లో వచ్చిన గిరిజన భూముల చట్టం, లేకపోతే పాడేరులో మాకు చెప్పు పెట్టే చోటు కూడా మిగిలేది కాదు. షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనకూడదు. వాళ్ల చేతిలో భూమి ఉంటే, అది గిరిజనులదే అని ముందు అనుకోవాలి, కాదని వాళ్లే రుజువు చేసుకోవాలి. 1997లో సమత అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు, బొర్రా వైపు గనుల లీజుల విషయంలో, ప్రభుత్వం కూడా ఇక్కడి భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదంది. చట్టం ఇంత గట్టిది. అయినా మెయిన్ రోడ్డు మీద ఎన్ని షాపులు గిరిజన బినామీల పేర నడుస్తున్నాయో మాకందరికీ తెలుసు.

మీరైతే ఏం మారుస్తారని అడిగారు. నా చేతిలో ఉంటే రెండు పనులు చేస్తాను. ప్రతి బడికీ ఆ ఊరి భాష మాట్లాడే మనిషిని పర్మినెంట్ పోస్టులో వేస్తాను. అటవీ హక్కుల పట్టాలకు మళ్లీ సర్వే పెట్టి, గ్రామసభ ముందు కొలిపిస్తాను.

రెండోది ఎందుకంటే మా మేనత్త కోసం. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఆవిడకి పట్టా వచ్చింది, ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా అంటారు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బియ్యం డ్రమ్ములో అడుగున దాచుకుంది. సాగు చేసేది దాదాపు నాలుగెకరాలు, పట్టాలో ఉన్నది ఎకరం ఇరవై సెంట్లు. జీపీఎస్ పట్టుకుని కొలవడానికి వచ్చిన ఏడాది పై చెక్క, అంటే పొలంలో పై భాగం, బీడు పెట్టింది. పోడులో అలా మార్చి మార్చి వేస్తారు. తుప్పలు పెరిగి ఉన్నాయని సర్వేకి వచ్చినతను పైదాకా ఎక్కలేదు. ఆవిడ ఇప్పటికీ ఆ పై చెక్కలో చోళ్లు (రాగులు) వేస్తుంది. ఫారెస్టు గార్డు వచ్చినప్పుడల్లా డ్రమ్ములోంచి కవర్ తీసి చూపిస్తుంది. అతను చదివి, కింది చెక్క వైపు చెయ్యి చూపించి వెళ్లిపోతాడు.