సర్కిల్ దగ్గర దిగాలి

తమ్ముడికి,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి తల్లి చనిపోయే సీను దగ్గర ఆగి కళ్లు తుడుచుకున్నాను. రెండోసారి ఎర్ర పెన్ను తీసుకుని కూర్చున్నాను. సర్కిల్ అనే మాట రావాల్సిన చోటల్లా కూడలి, వృత్తం, వలయం అని రాశావు. వాటన్నిటినీ రౌండప్ చేశాను. ఇంగ్లిష్ మాట పడకూడదన్న నీ పట్టుదల నాకు తెలుసు. నీ వయసులో నాకూ అదే ఉండేది.

నీ హీరో అనంతపురంలో బస్సు దిగి సప్తగిరి కూడలికి నడిచాడు. సప్తగిరి కూడలికి వస్తావా అని ఓ ఆటో అతన్ని అడిగి చూడు. 'యాడికి సార్, సర్కిల్ కాడికా?' అంటాడు. సీమలో రోడ్లు కలిసే చోటు సర్కిల్. గుంటూరు వైపు అదే సెంటర్, విశాఖలో జంక్షన్, తెలంగాణలో చౌరస్తా. అలాగని గీత గీసినట్టు ఉండదు, బెజవాడలో బెంజ్ సర్కిల్ ఉంది కదా. నా తొలి కథల్లో ఒకదాంట్లో మద్దిలపాలెం సర్కిల్ అని రాశాను. 'మాకు అది జంక్షనమ్మా' అని విశాఖ నుంచి ఒక పాఠకుడు కార్డు రాశాడు. ఆ కార్డు ఇప్పటికీ దాచుకున్నాను.

పోలీసు స్టేషన్ సీనులో వలయాధికారి అన్నావు. కొడుకుని విడిపించుకోవడానికి వచ్చిన ముసలాయన 'సీఐ సారూ' అనే దండం పెడతాడు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అన్న ఆ సర్కిల్లో గుండ్రం ఏమీ లేదు, అది కొన్ని స్టేషన్ల హద్దు. కరెంటాఫీసులో సర్కిల్ అంటే ఎస్‌ఈ, అంటే సూపరింటెండింగ్ ఇంజినీర్ చూసే ప్రాంతం. పోస్టల్ సర్కిల్ అంటే ఏకంగా రాష్ట్రమంత. కాలేజీ పిల్లలకి ఫ్రెండ్స్ సర్కిల్ ఉంటుంది, స్నేహ వలయం ఉండదు.

వృత్తం అన్నావు చూడు, అది మాత్రం తక్కువ మాటా? లెక్కల మాస్టారికి అది వ్యాసార్థంతో గీసేది. తెలుగు మాస్టారికి అది పద్యం, పాదానికి 20 అక్షరాల ఉత్పలమాల, 21 అక్షరాల చంపకమాల. ఇంగ్లిష్ మాట కథ కూడా ఇలాంటిదే. సర్కిల్, సర్కస్ రెండూ లాటిన్లో ఒకే ఇంటివి. లండన్లో పికడిల్లీ సర్కస్ అంటే ఏనుగులాడే చోటు కాదు, రోడ్లు కలిసే చోటే. మన సప్తగిరి సర్కిల్‌కి అది దూరపు చుట్టం.

ఇంత జాగ్రత్తపడినవాడివి, అచ్చ తెలుగు కావాల్సిన చోట వదిలేశావు. ఆ తల్లి కళ్ల కింద 'డార్క్ సర్కిల్స్' అన్నావు. నా ప్రాణం ఉసూరుమంది. కట్టెల పొయ్యి ఊది ఊది, నిద్ర లేక ఆమె కళ్లు లోపలికి పోయాయి, చుట్టూ నల్లగా కమిలింది. అలాగే రాయి. 'అప్పుల విషవలయం' కూడా తీసెయ్. పేపర్లలో చదివీ చదివీ అది ఎవరికీ తగలడం లేదు. బ్యాంకు బాకీ కట్టడానికి వడ్డీ వ్యాపారి దగ్గరికి, అతని వడ్డీ కట్టడానికి మళ్లీ బంగారం లోనుకి వెళ్లాడని చూపించు.

ఆదివారం పొద్దున సప్తగిరి సర్కిల్‌కి వెళ్లి ఓ గంట నిలబడు. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తున్నారో విను. తర్వాత ఆ బస్సు దిగే సీను తిరగరాసి పంపు, ఎదురుచూస్తుంటాను.

నీ అక్క