పోయిన ముత్తాతతో చిక్కు లేదు, ఉన్న బాబాయితోనే

ప్రశ్న: మా నాన్నమ్మ తండ్రి ఇంగ్లిష్‌వాడు. 1920ల్లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేలో డ్రైవరుగా గుంతకల్లులో ఉండేవాడు. ఆయన బంగళాలో ఆయాగా చేరిన తెలుగమ్మాయి మా ముత్తవ్వ. వాళ్లకు పెళ్లయిందో లేదో ఇంట్లో ఎవరూ చెప్పరు. ఆయన 1947లో ఒక్కడే ఇంగ్లండ్ వెళ్లిపోయి, 1950ల్లో అక్కడే చనిపోయాడు. నాన్నమ్మకు ఆయన రాసిన ఉత్తరాలు నా దగ్గరున్నాయి. ఈ కథను నవలగా రాశాను. ప్రచురణకర్త కూడా దొరికారు. ఇప్పుడు మా బాబాయి "మన ఇంటికి లేనిపోని రక్తం అంటగడుతున్నావు, కోర్టుకు లాగుతా" అంటున్నారు. తన పిల్లల బీసీ సర్టిఫికెట్‌కు ఇబ్బంది వస్తుందని కూడా ఆయన భయం. ఆయన కేసు వేయగలరా? ఉత్తరాలు వాడుకోవచ్చా? "పాత్రలన్నీ కల్పితం" అని మొదటి పేజీలో వేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ టెన్షన్ అంతా ముత్తాత, ముత్తవ్వల గురించే ఉంది. మీరు జతచేసిన కథాసారం చదివాక నా కన్ను మాత్రం చిన్నకొడుకు పాత్ర మీద పడింది. తల్లి దాచుకున్న ఫొటోలు తగలబెట్టి, మంచాన పడ్డ ఆమె చేత ఇంటి కాగితాల మీద వేలిముద్ర వేయించుకున్నవాడు. అతని సంగతి తర్వాత చెబుతాను. మీకు ముప్పు ఉంటే అక్కడే ఉంది.

ముందు పోయినవాళ్ల విషయం. పరువు పోయిందని డబ్బు కోరే సివిల్ దావా హక్కు ఆ మనిషితోనే పోతుంది. ముత్తాత తరఫునో, నాన్నమ్మ తరఫునో వారసులు నష్టపరిహారం అడగలేరు. గోప్యత హక్కు గురించి కూడా కోర్టులు దాదాపు ఇదే మాట అంటున్నాయి. జయలలిత జీవితం మీద తీస్తున్న సినిమాను ఆపమని ఆమె మేనకోడలు వేసిన కేసులో మద్రాసు హైకోర్టు 2021లో, మనిషి సంపాదించుకున్న గోప్యత, ప్రతిష్ఠ ఆ మనిషి మరణంతో ముగుస్తాయని, వారసులకు ఆస్తిలా సంక్రమించవని చెప్పింది.

క్రిమినల్ చట్టంలో మాత్రం చిన్న సందు ఉంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 (పాత ఐపీసీ 499) ప్రకారం, చనిపోయిన వ్యక్తి గురించి రాసినా పరువునష్టం కావచ్చు. అయితే రెండూ రుజువు కావాలి: ఆ మనిషి బతికి ఉంటే ఆ మాట వల్ల పరువు పోయేది అని, దగ్గరి బంధువుల మనసు నొప్పించాలనే ఉద్దేశంతోనే రాశారని. ఆ రెండోది నిరూపించడం కష్టం. మీరే చేతులారా సాక్ష్యం ఇస్తే తప్ప. కాబట్టి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో "పుస్తకం రానివ్వండి, అందరి బండారం బయటపడుతుంది" లాంటి మెసేజ్ ఒక్కటి కూడా పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే డిలీట్ చేసి లాభం లేదు, అవతల స్క్రీన్‌షాట్ ఉంటుంది. ఆ గ్రూపులో ఇక మౌనంగా ఉండండి.

తెల్లవాడి సంతానం అని రాస్తే పరువు తీసినట్టేనా అని మీరు అడగలేదు గానీ, బాబాయిగారి లాయరు అక్కడే మొదలుపెడతారు. అదే సెక్షన్ నాలుగో వివరణలో, కులం విషయంలో ఒక మనిషిని తక్కువ చేసేలా ఉన్న మాట కూడా పరువునష్టం కిందికి వస్తుందని ఉంది. 1860 నాటి ఐపీసీలోని ఈ మాటను 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం కూడా అలాగే ఉంచేసింది. అది ఇంకా అక్కడ ఉండాల్సింది కాదని నా అభిప్రాయం. కానీ ఉన్నప్పుడు లెక్కలోకి తీసుకోవాలి. నిజానికి పుట్టుక కంటే, ముత్తవ్వను ఉంపుడుగత్తెగా చూపించారన్న వాదనే వాళ్లకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

అందుకే ఒక పని చేయండి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల వివరాల నకళ్లు అప్పట్లో లండన్‌కు పంపేవారు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. అక్కడ వెతికించండి. పెళ్లి నమోదు దొరికితే ఆ వాదన మొదట్లోనే వీగిపోతుంది. 1994లో ఆర్.రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు, పబ్లిక్ రికార్డుల్లో ఉన్న విషయాన్ని ప్రచురిస్తే గోప్యత అడ్డం రాదని కూడా చెప్పింది. దొరక్కపోతే నవలలో పెళ్లి సంగతి తేల్చకుండా వదిలేయండి. కథకు కూడా అదే అందమేమో, అది మీరు చూసుకోండి.

ఒకవేళ బాబాయిగారు క్రిమినల్ కేసు వేసినా పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టి ఇంటికి రారు. బాధితుడే మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు చేసుకోవాలి. కొత్త నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) ప్రకారం ఆ ఫిర్యాదును విచారణకు స్వీకరించే ముందు మేజిస్ట్రేటు మీ మాట వినాలి. ఇది బెయిలబుల్ నేరం. రుజువైతే రెండేళ్ల వరకు సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. ఫిర్యాదుకు గడువు మూడేళ్లు, సివిల్ దావాకు ప్రచురణ నుంచి ఒక్క ఏడాది.

ఇక చిన్నకొడుకు. పేరు మార్చాను కదా అంటున్నారు. పేరు మార్చినా, నాన్నమ్మ చిన్నకొడుకు, అదే ఊరు, అదే ఉద్యోగం, అదే ఇల్లు ఉంటే మీ చుట్టాల్లో పదిమంది పుస్తకం తెరవగానే గుర్తుపడతారు. పరువునష్టానికి అది చాలు. ఊరంతా గుర్తుపట్టనక్కర్లేదు. పైగా మీ బాబాయి బతికే ఉన్నారు. వేలిముద్ర సంగతి నిజమే అని మీరంటారు. సివిల్ కోర్టులో నిజం పూర్తి రక్షణే, కానీ దాన్ని మీరే నిరూపించాలి. సాక్షి అయిన నాన్నమ్మ లేరు. క్రిమినల్ కోర్టులో నిజం ఒక్కటే చాలదు, దాన్ని బయటపెట్టడం ప్రజాప్రయోజనం కోసమని కూడా చూపించాలి. ఇంటి తగాదాలో ప్రజాప్రయోజనం ఏముంది అని జడ్జిగారు అడిగితే మీ దగ్గర జవాబు ఉందా?

నా సలహా, ఆ పాత్రను మొత్తం విడగొట్టి మళ్లీ కట్టండి. కొడుకును అల్లుడిగానో, వరసైన మరొకరిగానో మార్చండి. ఉద్యోగం, ఊరు, కాలం మార్చండి. వేలిముద్ర సన్నివేశాన్ని తీసేయండి, లేదా బతికున్న ఎవరికీ అతకని చోట పెట్టండి. ఆయన జబ్బులు, కాపురం గొడవలు ఏమైనా రాసి ఉంటే అవి నిజమైనా సరే ఉంచొద్దు. బతికున్నవారి కుటుంబ విషయాలు అనుమతి లేకుండా ప్రచురించకూడదని పైన చెప్పిన 1994 తీర్పులోనే ఉంది.

"పాత్రలన్నీ కల్పితం" అనే వాక్యం వేయండి, తప్పు లేదు. అది మీ ఉద్దేశానికి కొంత సాక్ష్యం, అంతకుమించి బలం లేదు. మరి మీ ముందుమాట ముసాయిదా మొదటి వాక్యమే "ఇది మా ఇంటి నిజమైన కథ" అని ఉంది. ఒక పేజీలో కల్పితం, మరుసటి పేజీలో నిజం! అవతలి లాయరు ఈ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చదివితే చాలు. ఆవిష్కరణ సభలో, ఇంటర్వ్యూల్లో కూడా "ఆ పాత్ర మా బాబాయే" అనే మాట నోట రాకూడదు.

ఉత్తరాల విషయంలో చాలామంది పొరబడతారు. కాగితం మీది, అందులో రాసిన మాటల మీద కాపీరైట్ రాసినాయనది, ఆయన తర్వాత ఆయన వారసులది. చనిపోయి అరవై ఏళ్లు దాటింది కదా, కాపీరైట్ తీరిపోయిందని అనుకోవద్దు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 24 ప్రకారం, రచయిత పోయేనాటికి అచ్చుకాని రచనకు అరవై ఏళ్ల లెక్క మొదటిసారి ప్రచురణ తర్వాతే మొదలవుతుంది. బ్రిటన్ చట్టంలో కూడా, 1969కి ముందు పోయినవారి ఇలాంటి అముద్రిత రాతలకు 2039 చివరి వరకు రక్షణ ఉంది. ఆయనకు అక్కడ మరో సంసారం ఉండి ఉంటే ఆ పిల్లలకు కూడా వాటా ఉండొచ్చు. అందుకని ఉత్తరాలను ఉన్నదున్నట్టు దించకండి. వాటిలోని విషయం, తేదీలు, సంఘటనలు ఎవరి సొత్తూ కాదు. వాటిని ఆధారం చేసుకుని మీ సొంత మాటల్లో పాత్ర చేత ఉత్తరం రాయించండి.

సర్టిఫికెట్ భయం పెద్దగా అక్కర్లేదు. సాధారణంగా కులం తండ్రి వైపు నుంచి చూస్తారు. 2012లో సుప్రీంకోర్టు ఇది తిరుగులేని సూత్రం కాదని, పెరిగిన వాతావరణం కూడా చూడాలని చెప్పింది. మీ బాబాయికి రెండూ ఆయన తండ్రి, అంటే మీ తాతగారి ఇంటివైపే ఉన్నాయి. రాజ్యాంగం 366(2)లో ఆంగ్లో ఇండియన్ నిర్వచనం కూడా మగవారి వంశక్రమాన్నే చూస్తుంది. అది మీ నాన్నమ్మగారికి వర్తించవచ్చేమో గానీ, ఆమె కొడుకులకు వర్తించదు. పైగా నవల సర్టిఫికెట్ విచారణలో సాక్ష్యం కాదు. ఈ ముక్క బాబాయిగారికి ఎవరైనా పెద్దమనిషి చేత చెప్పించండి, సగం కోపం దానితోనే తగ్గవచ్చు.

పాతకాలపు కులం తిట్లు, జాతి తిట్లు పాత్రల నోట సందర్భానికి తగ్గట్టు ఉంటే సరే, కథకుడి గొంతులో వద్దు. మొత్తం పుస్తకాన్నే నిషేధించమంటే కోర్టులు అంత సులభంగా ఒప్పుకోవు. 2018లో ఒక మలయాళ నవల విషయంలో సుప్రీంకోర్టు అలాంటి పిటిషన్‌ను కొట్టేసింది. విచారణ పూర్తికాకుండా ప్రచురణను ఆపే మధ్యంతర ఉత్తర్వులు అరుదుగానే ఇవ్వాలని 2024లో కూడా చెప్పింది. అయినా విడుదలకు ముందు బాబాయిగారి ఊరి సివిల్ కోర్టులో కేవియట్ (నా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే వేసే అర్జీ) వేయండి. మీకు నోటీసు ఇవ్వకుండా స్టే రాదు. అది తొంభై రోజులే పనిచేస్తుంది కాబట్టి విడుదల తేదీ ఖాయమయ్యాకే వేయండి.

ప్రచురణ ఒప్పందంలో "కేసుల ఖర్చంతా రచయిత్రిదే" అనే క్లాజు తప్పకుండా ఉంటుంది. దానికి ఒక పరిమితి రాయించుకోండి, మీ అనుమతి లేకుండా వాళ్లు రాజీ పడకూడదని చేర్పించండి. హక్కులు ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం ఐదేళ్లుగా లెక్కేస్తుంది. సినిమా, ఆడియో హక్కులు విడిగా ఉంచుకోండి. మార్చిన రాతప్రతిని సంతకానికి ముందే మీ ఊళ్లో ఒక లాయరు చేత చదివించండి, చిన్నకొడుకు అధ్యాయాలైనా సరే.