సందేహాలు – సమాధానాలు: ‘రొయ్యలు పడతాను’ అనవచ్చా?

సందేహం: మాది కర్నూలు. తుంగభద్రలో చేపలు పట్టే ఒక పెద్దాయన దగ్గర ఈ మధ్యనే విసురు వల వేయడం నేర్చుకుంటున్నాను. ఆ అనుభవం రాస్తూ ‘ఆదివారాల్లో నేనూ రొయ్యలు పడతాను’ అన్నాను. అది చదివిన మిత్రుడు ‘రొయ్యలు వలలో పడతాయి గానీ నువ్వు పడటమేమిటి? పట్టుతాను అని దిద్దుకో’ అని నిఘంటువులో ‘పడు’ తీసి చూపించాడు. ఏది ఒప్పు? అలాగే వల వేశాను, విసిరాను, పన్నాను – వీటిలో ఏది రాయాలి? ‘వల గాలిలో తెరుచుకుంది’ అన్న వాక్యం కూడా నాకే ఎందుకో నచ్చలేదు.

సమాధానం: మీ వాక్యం ఒప్పు. దిద్దకండి. నిఘంటువులో చూడవలసింది ‘పడు’ కాదు, ‘పట్టు’. కడపలో కొలువు చేసిన బ్రౌన్ దొర 1852లో అచ్చు వేయించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులోనైనా, ఆ తరవాత వచ్చిన ఏ నిఘంటువులోనైనా ఈ రెండూ వేరువేరు ఆరోపాలు, అంటే విడివిడిగా అర్థం ఇచ్చిన మాటలు. నిఘంటువు ధాతువును, అంటే క్రియ మూలరూపాన్ని, చూపిస్తుంది. అది వాక్యంలోకి వచ్చేసరికి ఏ రూపం దాలుస్తుందో మనం తెలుసుకోవాలి.

‘ట్టు’తో ముగిసే క్రియల తరవాత తకారంతో మొదలయ్యే ప్రత్యయం వస్తే ఆ ‘ట్టు’ సాధారణంగా డకారం అవుతుంది. కొట్టు – కొడతాడు, కొడుతున్నాడు, కొడితే. పెట్టు – పెడతాడు. కట్టు – కడతాడు. తిట్టు, చుట్టు, నెట్టు, తట్టు అన్నీ ఇదే దారి. తలుపు కొట్టుతాను, అన్నం పెట్టుతాను అని మీ మిత్రుడు మాత్రం ఇంట్లో అంటాడా? ‘పట్టు’ కూడా అలాగే ‘పడతాను’ అయింది. ‘పట్టుతాను’ అన్నదాన్ని తప్పనను, కానీ చదివేవారికి అది బిగుసుకుపోయినట్టు ఉంటుంది.

చిక్కల్లా ఒక్కటే. ‘పడు’ ధాతువుకు కూడా అక్కడ అదే రూపం. జాలరి రొయ్యలు పడతాడు, వలలో రొయ్యలు పడతాయి. మొదటిది ‘పట్టు’, రెండోది ‘పడు’. తకారం లేని చోట్ల రెండూ వెంటనే విడిపోతాయి: పట్టాడు, పడ్డాయి, పట్టడు, పడవు, పట్టి, పడి. ‘రొయ్యలు పట్టే వల’, ‘రొయ్యలు పడే వల’ అన్న మాటలు చూడండి. మొదటిది వల దేనికోసమో చెబుతుంది. రెండోది దాని గుణం చెబుతుంది: కన్ను చిన్నదై, గుండ్లు సరిగా కూర్చి, రొయ్య జారిపోకుండా ఉన్న వల. రెండూ చక్కని తెలుగే.

అనుమానం వచ్చినప్పుడు వాక్యం ముందు ‘నిన్న’ పెట్టి చూడండి. ‘నిన్న రొయ్యలు పట్టాను’ – ధాతువు తేలిపోయింది. ‘నిన్న చాలా కష్టపడ్డాను’ – ఇది ‘పడు’. మనిషి కర్తగా ఉంటే ‘పడు’ రాదనుకోవడం కూడా పొరపాటే. బాధపడేదీ సిగ్గుపడేదీ మనుషులే కదా.

నిజంగా అయోమయం కలిగే చోటు ఒకటుంది. ‘కొంగలు రొయ్యలు పడతాయి’ అంటే ఏది కర్త, ఏది కర్మ? రెండూ బహువచనాలే, రెండూ అమహత్తులే (మనుషులు కానివే), క్రియ చివరి ‘యి’ రెండింటికీ సరిపోతుంది. జాలరి విషయంలో ‘డు’, మీ విషయంలో ‘ను’ కర్తను పట్టి ఇస్తాయి. కొంగలకు ఆ సదుపాయం లేదు. అందువల్ల అక్కడ ‘రొయ్యలను’ అని ద్వితీయ తప్పక చేర్చాలి. లేదా ‘పట్టి తింటాయి’ అనాలి. మీ వాక్యంలో ‘రొయ్యలను’ అనవలసిన అవసరం లేదు. చేపలు పట్టడం, పాములు పట్టడం అని పనిని పనిగా చెప్పేటప్పుడు తెలుగు విభక్తిని వదిలేస్తుంది.

ఇక్కడే ‘పట్టుకొను’ గురించీ చెప్పాలి, ఎందుకంటే ఈ మధ్య అందరూ ‘చేపలను పట్టుకోవడానికి వెళ్లారు’ అని రాస్తున్నారు. నాకు అది రుచించదు. వల ఒడ్డుకు లాగి దులిపాక, తోక ముడిచి కొట్టి వెనక్కి గెంతే రొయ్యను మీరు రెండు వేళ్లతో అదిమితే, అది పట్టుకోవడం. ఉదయం నుంచి మోకాటి లోతు నీళ్లలో నిలబడి చేసిన పని మొత్తం రొయ్యలు పట్టడం. దొంగను పట్టుకుంటారు, చెయ్యి పట్టుకుంటారు. చేపలు మాత్రం పడతారు.

ఇక వల సంగతి. ‘వేయు’ ఏ వలకైనా చెల్లుతుంది. ‘పన్ను’ అంటే అమర్చి, మాటు వేసి ఎదురుచూడటం. పిట్టలకు వల పన్నుతారు, కుట్ర పన్నుతారు. చేతితో వల విసిరే మీరు పన్నలేదు. మీకు ‘విసిరాను’ అన్నదే తగిన మాట, ఎంతో పాతది కూడా. తమిళులు ‘వలై వీసు’ అంటారు. ఆదోని దాటి కన్నడ సీమలోకి వెళితే అదే ‘బలె బీసు’ అవుతుంది. వల–బలె, విసురు–బీసు సోదర పదాలే. వల, విసరడం అన్న రెండు మాటలూ మూడు భాషల్లోనూ కలిసే నడుస్తున్నాయి.

‘తెరుచుకుంది’ మీకు నచ్చకపోవడం న్యాయమే. తెరుచుకునేవి తలుపులు, కళ్లు, నోరు – మూసి ఉన్నవి. వల మూసి ఉండదు, మడిచి ఉంటుంది. కొంత భుజాన వేసుకుని, కొంత చేతిలో పట్టి, నడుము తిప్పి విసిరినప్పుడు అంచున ఉన్న గుండ్ల బరువుకు గుండ్రంగా విచ్చుకుంటుంది. ‘విచ్చుకుంది’ అని రాయండి. కొత్తవారి చేతిలో అది సగమే విచ్చుకుని ముద్దగా పడుతుంది. అప్పుడు ‘ముద్దగా పడింది’ అనే రాయండి. మీరు పంపిన కాగితంలో ‘గుండ్లు అడుగు తాకేదాకా ఆగి, తాడు మెల్లగా లాగాను’ అన్న వాక్యం నాకు ఎంతో నచ్చింది. ఆ పెద్దాయన నోట విన్న మాటలను అలాగే ఉంచారు. వాటిలో ఒక్కటీ మార్చకండి.