ఉచితంగా వాడుకుంటున్న యాప్‌లను ప్రశ్నించే హక్కు మనకుందా?

పెద్ద టెక్ కంపెనీల నైతికత గురించి జరిగే చర్చతో చిన్న ఊళ్లవారికి పనేముంది, డబ్బు కట్టకుండా వాడుకుంటూ మళ్లీ ప్రశ్నించడం ఏం న్యాయం అని మీరు అడిగారు. పని ఉంది, ప్రశ్నించడం న్యాయమే అన్నది నా అభిప్రాయం. ఆ అభిప్రాయం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను.

నేను ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఒక ఆన్‌లైన్ సెంటరు నడుపుతున్నాను. ఇంట్లో తెలుగు, బడిలో, ఆఫీసుల్లో ఒడియా మాట్లాడే ఊరు మాది. కాస్త దూరం వెళితే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వస్తుంది కాబట్టి ప్రతి ఇంటికీ సరిహద్దుకు రెండు వైపులా చుట్టాలుంటారు. దరఖాస్తు నింపడానికో, ఫోను సరిచేయించుకోవడానికో వచ్చినవాళ్లు తమ ఫోన్లో ఏం జరుగుతోందో అర్థం కాక నన్నే అడుగుతారు.

మా వీధిలో దర్జీ పని చేసుకునే ఒకాయన, పెళ్లిళ్ల రోజుల్లో కొత్త కుట్టుమిషను కోసం, సామాజిక మాధ్యమంలో కనిపించిన ప్రకటనను చూసి ఒక అప్పుల యాప్‌ను ఫోన్లో వేసుకున్నాడు. ఆయన అడిగింది 5,000 రూపాయలు. ఫీజుల పేరుతో కోతలు పోగా చేతికి అందింది అందులో సగానికి కొంచెం ఎక్కువ, వారం తిరగకముందే మొత్తం సొమ్ము కట్టమని ఒత్తిడి మొదలైంది. కట్టడం ఆలస్యమయ్యేసరికి ఆయన ఫోన్లో ఉన్న నంబర్లన్నింటికీ, టెక్కలిలోని వియ్యంకుడికి, పలాసలోని మేనత్తకు, చివరకు ఆయనకు బట్టలిచ్చే ఖాతాదారులకు కూడా, ఆయన్ను దొంగగా చిత్రిస్తూ సందేశాలు వెళ్లాయి. అప్పు తీర్చగలిగాడు గానీ, వియ్యంకుడి ఎదుట పోయిన మర్యాదను ఏ విధంగా తెచ్చుకోవాలో ఆయనకు ఇప్పటికీ తెలియడం లేదు. అప్పు ఇచ్చేవాడికి ఆ నంబర్లన్నీ ఎలా చేరాయని నన్ను అడిగాడు. యాప్ మొదట తెరిచినప్పుడు కాంటాక్టులు చూడటానికి అనుమతి కోరిందనీ, ఆంగ్లంలో ఉన్న ఆ ప్రశ్నకు ఆయన సరేనని నొక్కాడనీ చెప్పాను. అప్పు ఇవ్వడానికి చుట్టాల నంబర్లు ఎందుకు అని ఆయన తిరిగి అడిగాడు. నైతికత చర్చ అని మీరన్నదానికి నాకు తెలిసినంతలో అంతకంటే సూటి రూపం లేదు.

ఆ ప్రశ్నను దేశంలో చాలామంది అడిగారు కాబట్టే కొంత మార్పు వచ్చింది. భారతీయ రిజర్వు బ్యాంకు 2021 జనవరిలో ఒక అధ్యయన బృందాన్ని నియమించింది. ఆ బృందం 80కి పైగా యాప్ స్టోర్లలో సుమారు 1,100 అప్పుల యాప్‌లను గుర్తించి, వాటిలో 600 చట్టవిరుద్ధమైనవని తేల్చింది. 2022 సెప్టెంబరు 2న రిజర్వు బ్యాంకు నుంచి వచ్చిన మార్గదర్శకాలు, అప్పుల యాప్‌లు కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫోన్లోని ఫైళ్ల జోలికి పోకూడదన్నాయి. గూగుల్ కూడా 2023 మే 31 నుంచి తన ప్లే స్టోర్లోని వ్యక్తిగత అప్పుల యాప్‌లు కాంటాక్టులనూ ఫొటోలనూ చూడకుండా నిషేధం పెట్టింది. చర్చ నగరాల్లోనే జరిగి ఉండవచ్చు, కానీ దాని ఫలితం మా దర్జీ ఫోను దాకా వచ్చింది. ఆ నియమాలు ఆయన అప్పు చేసిన తరువాత వచ్చాయన్నదే నా బాధ.

ఇష్టం లేకపోతే వాడకండి అనే మాట చాలామంది అంటారు. సంతకు వెళ్లడం ఎవరి ఇష్టం వారిదే, అయినా తూకం రాళ్లను తనిఖీ చేసే అధికారి అక్కడ ఉంటాడు. పైగా వాడకుండా ఉండే వీలు మాకు నిజంగా లేదు. మా పిల్లల బడి సమాచారం, గ్యాస్ బుకింగు, వలస వెళ్లినవారు ఇంటికి పంపే డబ్బు, అన్నీ ఆ ఫోన్ల మీదుగానే నడుస్తున్నాయి. ఉచితం అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. మనం ఎక్కడ ఉన్నామో, ఏమి చూస్తున్నామో తెలిపే వివరాలే ఆ కంపెనీల ప్రకటనల వ్యాపారానికి పెట్టుబడి.

భాష దగ్గర నాకు ఇంకా ఎక్కువ అసంతృప్తి ఉంది. 2022 అక్టోబరులో సవరించిన సమాచార సాంకేతిక నియమాలు, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం రెండూ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు గుర్తించిన 22 భాషల్లో కోరినదాన్ని ఎంచుకునే వీలుండాలన్నాయి. కాబట్టి తెలుగువారికీ ఒడియావారికీ షరతులను తమ భాషలో చదువుకునే మార్గం ఏర్పడింది. కానీ మా జిల్లాలోని గుమ్మ, సెరంగో వైపు నుంచి నా దగ్గరికి వచ్చే సవర గిరిజనుల భాష ఆ షెడ్యూలులో లేదు. ఈ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకుని 1931లో దాని వ్యాకరణాన్ని ప్రచురించారు. ఒక్క పంతులు అంత చేయగలిగిన చోట, అపారమైన వనరులున్న కంపెనీలు కనీసం అనుమతి కోరే ఆ ఒక్క వాక్యాన్నైనా సవరలో చదివి వినిపించలేవా? అర్థం కాని ప్రశ్నకు సరేనని నొక్కడాన్ని నేను సమ్మతిగా ఒప్పుకోలేను.

మీకు గానీ మీవారికి గానీ ఇటువంటి ఇబ్బంది ఎదురైతే, డబ్బు మోసం సంగతి ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి చెప్పండి. సరిహద్దుకు ఏ వైపు ఉన్నా అదే నంబరు. అనుమతి లేకుండా అప్పులిచ్చే యాప్ మీద రిజర్వు బ్యాంకు నడిపే సచేత్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. సామాజిక మాధ్యమంలోని ఖాతా లేదా ప్రకటన మీదైతే ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. ఫిర్యాదు అందిందని 24 గంటల్లోగా తెలపడం ఆయన బాధ్యత. ఆయన నిర్ణయం సరిగా లేదనిపిస్తే 30 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వం ఏర్పరిచిన ఫిర్యాదుల అప్పీలు కమిటీకి వెళ్లవచ్చు. ఆ గడువు దాటిపోకుండా, ఫిర్యాదు సంఖ్యను, తేదీని ఒక కాగితం మీద రాసుకుని, వచ్చిన సందేశాల స్క్రీన్‌షాట్లతో పాటు భద్రపరచుకోండి.