అమ్మాయీ, పొయ్యి మాత్రం పెట్టొద్దు

చి.ల.సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

మీ అపార్ట్‌మెంట్‌లో పిల్లలున్న వాళ్లంతా కలిసి నెలకో ఆదివారం ఎక్కడికైనా వెళ్దామనుకున్నారని, ఆ పనంతా నువ్వే నెత్తిన వేసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మనిషికి 300 రూపాయలు దాటకూడదని కూడా అనుకున్నారట. చాలా సంతోషమేసింది తల్లీ. పిల్లలు సెలవు రోజంతా సెల్‌ఫోన్‌కే అతుక్కుపోతున్నారని బాధపడని తల్లి లేదు. నువ్వు బాధపడి ఊరుకోకుండా పూనుకున్నావు. అంతా బాగుందనుకునే లోపే మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. మొదటి పిక్నిక్ మన కర్నూలు తుంగభద్ర ఒడ్డునట, వంట కూడా అక్కడేనట. అది విన్నాక రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తేలిక సంగతులు ముందే చెప్పేస్తాను. నీళ్లు మనిషికో లీటరు, టోపీలు, పిల్లలకు ఇంకో జత బట్టలు, నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. బాత్రూమ్ ఎక్కడుందో కనుక్కోకుండా ఏ చోటూ ఖాయం చెయ్యొద్దు. బస్సు ఖర్చుకు టెన్షన్ పడకు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు, ఆడపిల్లలకు మన ఆంధ్ర ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బులు లేవు, ఆధార్ చూపిస్తే చాలు. మగపిల్లలకు అయిదేళ్లు నిండితే అర టికెట్. అలంపురం పోవాలనుకుంటే మాత్రం అది తెలంగాణ, రాష్ట్రం దాటే బస్సులో మన ఉచితం చెల్లదు.

ఇక నది సంగతి. నీకు గుర్తుండదు, అప్పుడు నీకు నాలుగేళ్లు. మా వీధిలో నాలుగు కుటుంబాలం కలిసి వేసవిలో తుంగభద్రకు పోయాం. నది సన్నగా పారుతోంది, ఎక్కడ చూసినా ఇసుకే. నీళ్లు చీలమండ దాకా, మహా అయితే మోకాలి దాకా. ఇందులో ఏం భయం, ఆడుకోనీలే అని పిల్లల్ని వదిలేశాం. మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించారు. గాలికి మంట నిలవడం లేదు. ఒకామె ఊదుతోంది, ఇంకొకామె చేటతో విసురుతోంది, మీ నాయన, ఇంకొకాయన గాలికి అడ్డంగా దుప్పటి పట్టుకుని నిలబడ్డారు. పెద్దవాళ్లం అందరం పొయ్యి వైపే తిరిగి ఉన్నాం. నది వైపు అందరి వీపులే.

అక్కడ ట్రాక్టర్లకు ఇసుక తవ్వి ఎత్తిన గుంతలున్నాయి. పైన నీళ్లు నిలిస్తే గుంత ఉన్నదీ లేనిదీ కంటికి తెలియదు. పక్కన చీలమండ లోతు, ఒక్క అడుగు అవతల మనిషి లోతు. అంచున ఇసుక కాలి కింద నుంచి జారిపోతుంది. పైకి రావాలని ఎంత తన్నుకుంటే అంత జారుతుంది. పక్కింటి పిల్లాడు, ఏడేళ్లవాడు, అందులో పడ్డాడు. కేక కూడా వెయ్యలేదు. నీళ్లలో మునిగే పిల్లలు అరవరమ్మా, అరవడానికి వాళ్లకు ఊపిరే ఉండదు. ఈ సంగతి నువ్వు మీ గుంపులో ప్రతి తల్లికీ తండ్రికీ చెప్పాలి.

చూసింది మాలో ఎవరూ కాదు. కొంచెం కింద బట్టలు ఉతుకుతున్న ఒకామె. చేతిలో ఉన్న తడి చీర కొంగు పక్కామెకు అందించి, రెండో కొస తను పట్టుకుని నీళ్లలోకి దిగింది. జుట్టు దొరికితే జుట్టు పట్టుకునే లాగింది. వాణ్ణి బోర్లా వేసుకుంటే నీళ్లు కక్కి, దగ్గి, అప్పుడు ఏడ్చాడు. ఆ ఏడుపు వినేదాకా మా ఎవరికీ ప్రాణం లేదు. ఆమె మాత్రం మళ్లీ పోయి బట్టలు పిండుకుంటోంది. చేతికి డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "వంట ఇంట్లో చేసుకోండమ్మా, ఇక్కడికొస్తే పిల్లోళ్లను చూసుకోండి" అంది. అప్పటి నుంచి నేను ఏ పిల్లల్ని బయటికి తీసుకుపోయినా ఆ మాటే పట్టుకున్నాను. వాడిప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. వాళ్లమ్మ మాత్రం ఆ తర్వాత మా గడప తొక్కలేదు. ఆమెది తప్పని నేనెప్పుడూ అనుకోలేదు.

అందుకని పొయ్యి పెట్టొద్దంటే పెట్టొద్దు. గ్యాస్ స్టవ్ అయినా అంతే. ఇంట్లోనే చిత్రాన్నం, పెరుగన్నం కలుపుకుని, ఉడకేసిన బుడ్డలు (వేరుశనగ కాయలు), అరటిపండ్లు తీసుకుపోండి. డబ్బూ మిగులుతుంది, కళ్లూ ఖాళీగా ఉంటాయి. అయిదుగురు పిల్లలకు ఒక పెద్ద చొప్పున కాపలా పెట్టు. ఆ గంటసేపు వాళ్లకు ఫోన్ ఉండకూడదు, ఫోటోలు తీసే పని ఇంకొకరిది. గంటకోసారి మనిషిని మార్చు. ఇందులో మగవాళ్ల వంతు కచ్చితంగా ఉండాలి, వాళ్లు దూరంగా చెట్టు కింద ముచ్చట్లు పెట్టుకుంటే ఒప్పుకోకు. బస్సు ఎక్కే ముందొకసారి, ఎక్కాక ఒకసారి పిల్లల్ని లెక్కపెట్టండి. చిన్నవాళ్ల మణికట్టు మీద పెన్నుతో ఫోన్ నంబరు రాయండి.

నదిని పిల్లలకు చూపించొద్దనడం లేదు. 2009 అక్టోబరులో ఇదే నది ఊళ్లోకి వచ్చింది. ఇళ్లు ఎంతెంత మునిగాయో పాతబస్తీలో ఎవరిని అడిగినా చెబుతారు. ఒడ్డు మీద నుంచి చూపించండి, వరద కథ చెప్పండి. నీళ్లలోకి మాత్రం దిగనీయొద్దు. పైన సుంకేసుల బ్యారేజీలో గేట్లు ఎత్తితే ఇక్కడ నీళ్లు పెరుగుతాయి. కేసీ (కర్నూలు-కడప) కాలువ గట్టు అసలే వద్దు.

మొదటిసారికి కొండారెడ్డి బురుజు చాలు. ఊరి మధ్యలో ఉన్నదేగా అనుకోకు, మీ పిల్లల్లో ఎంతమంది దాన్ని దగ్గరగా చూశారో అడిగి చూడు. పొద్దున్నే ఆరున్నరకు పొండి. అక్కడి నుంచి గద్వాలకు నది కిందుగా సొరంగం ఉందని మన ఊళ్లో చెప్పుకుంటారు కదా, ఆ కథ మొదలుపెట్టావంటే పిల్లలు నీ వెనకే ఉంటారు. పెద్ద పిల్లలకు 1953 నుంచి 1956 దాకా మన కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అని, ఆఫీసులు గుడారాల్లో నడిచాయని చెప్పు. ఎనిమిదికల్లా చిత్రాన్నం తినిపించి ఇంటికి చేర్చు. చిన్నవాళ్లకు రెండు గంటల తిరుగుడే ఎక్కువ.

ఓర్వకల్లు రాక్ గార్డెన్ చలికాలానికి పెట్టుకో. నంద్యాల రోడ్డు మీద 20 కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. రాళ్లు చాలా బాగుంటాయి, ఎండెక్కితే చెయ్యి పెట్టలేం. అక్కడా రాళ్ల మధ్య నీళ్లున్నాయి, మర్చిపోకు. రోళ్లపాడు అభయారణ్యానికి పోతే బట్టమేకపిట్ట కనబడుతుందని పిల్లలకు ముందే మాట ఇవ్వొద్దు, అవి కనబడటమే అరుదైపోయింది. కృష్ణజింకల్ని చూద్దామని చెప్పు. బెలుం గుహలు 100 కిలోమీటర్ల పైనే ఉన్నాయి, లోపల ఉక్కపోత. చంకన ఎత్తుకునే పిల్లలతో ఇప్పుడే వద్దు, వాళ్లు స్కూలుకు పోయే వయసు వచ్చాక చూద్దాం.

ఇన్ని వద్దులు చెప్పానని కోపం తెచ్చుకోకు. నువ్వు పట్టుకున్న పని మంచిదని నీకంటే ఎక్కువ నమ్ముతున్నాను. చిన్నప్పుడు ఏ ఊరేగింపు వచ్చినా వీధిలో పిల్లలందర్నీ చేతులు పట్టించి వరసగా నిలబెట్టేదానివి, ఆ పిల్లవే నువ్వు.

బురుజుకు నేనూ వస్తాను. మొదటి గంట కాపలా నాకే ఇవ్వు. చిత్రాన్నం కూడా నేనే చేసి తెస్తా, ఎంతమందో శుక్రవారం సాయంత్రానికి చెప్పు, నిమ్మకాయలు తెప్పించాలి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ